సేవ్ చేసిన రిఫరెన్స్ ఎందుకు దొరకదు?

సంక్షిప్తంగా: రిఫరెన్సుల వివరాలు, పీడీఎఫ్‌లు భద్రపరిచి ఫుట్‌నోట్లలో వాడుకోవడానికి వీలిచ్చే జొటెరో, మెండలీ, ఎండ్‌నోట్ లాంటి సాఫ్ట్‌వేర్‌లలో దాచుకున్న వ్యాసం కనబడనప్పుడు చాలాసార్లు అది పోయి ఉండదు. సెర్చ్ మనం అనుకున్నంత మేర చూడకపోవచ్చు. సేవ్ అయిన వివరాల్లో మనకు గుర్తున్న మాట లేకపోవచ్చు. ఉన్నా వేరే అక్షరాల్లో ఉండవచ్చు. తెలుగు పుస్తకాలు, తెలుగు పేర్లతో పనిచేసేవాళ్లకు ఈ మూడో చిక్కే ఎక్కువగా తగులుతుంది.

థీసిస్ చివరి అధ్యాయం గైడ్ దగ్గరికి వెళ్లి, మార్జిన్‌లో ఒక ప్రశ్నతో తిరిగొస్తుంది: "ఈ మాట ఎక్కడిది?" ఆ వ్యాసం చదివిన సంగతి బాగానే గుర్తుంటుంది. రెండు కాలమ్‌ల పేజీ, కుడిపక్క ఒక పట్టిక, దాని కింద పసుపు రంగు హైలైట్ కళ్లముందు కదులుతూనే ఉంటాయి. సేవ్ చేసిన మాటా ఖాయమే. సెర్చ్ పెట్టెలో రెండు మాటలు కొడితే మాత్రం జాబితా ఖాళీ. ఇంకో రెండు మాటలు కొడితే నలభై వస్తాయి, కావలసింది వాటిలో ఉండదు. చివరికి గూగుల్‌లో మళ్లీ వెతికి, మళ్లీ డౌన్‌లోడ్ చేసి, మళ్లీ సేవ్ చేస్తారు. దాంతో అదే వ్యాసం లైబ్రరీలో రెండుసార్లు ఉంటుంది. మొదటిది ఇంకా దొరకనే లేదు.

ఈ సాఫ్ట్‌వేర్‌లు వేల రిఫరెన్సులను సునాయాసంగా మోస్తాయి. చిక్కు వాటి సామర్థ్యంలో లేదు. మనిషి గుర్తుపెట్టుకునే తీరు ఒకటి, ప్రోగ్రామ్ నమోదు చేసుకునే తీరు ఇంకొకటి. మనిషికి విషయం, సందర్భం, పేజీ రూపం గుర్తుంటాయి. ప్రోగ్రామ్ దగ్గర ఉండేవి శీర్షిక, రచయిత, సంవత్సరం, పత్రిక పేరు అనే గళ్లు. ఈ రెండూ ఎక్కడెక్కడ తప్పిపోతాయో చూడటానికి జొటెరో మంచి ఉదాహరణ. ఉచితంగా దొరుకుతుంది, సోర్స్ కోడ్ బహిరంగంగా ఉంటుంది, లోపల ఏం జరుగుతుందో ఎవరైనా చూడవచ్చు.

ఫోల్డర్‌లా కనిపించే జాబితా

జొటెరో 2006లో అమెరికాలోని జార్జ్ మేసన్ యూనివర్సిటీలో, చరిత్రకారులు నడిపే ఒక కేంద్రం నుంచి, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న సాధనంగా వచ్చింది. తర్వాత విడి ప్రోగ్రామ్ అయింది. 2022లో ఆరో వెర్షన్‌తో పీడీఎఫ్‌లను లోపలే తెరిచి చదివే వీలొచ్చింది. ఏడో వెర్షన్ 2024 ఆగస్టులో విడుదలైంది. వెర్షన్లు మారినా అడుగున ఉన్న కట్టుబడి అదే: వివరాలన్నీ ఒకే డేటాబేస్ ఫైల్‌లో ఉంటాయి, పీడీఎఫ్‌లు మాత్రం స్టోరేజ్ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. అందులో ఒక్కో పీడీఎఫ్‌కు అర్థంలేని ఎనిమిది అక్షరాల పేరుతో ఒక్కో చిన్న ఫోల్డర్ ఉంటుంది. "తెలుగు పత్రికలు" అనే కలెక్షన్‌లో పెట్టిన వ్యాసం కోసం కంప్యూటర్‌లో ఆ పేరున్న ఫోల్డర్ వెతికితే దొరకదు. అలాంటిది డిస్క్ మీద ఎక్కడా లేదు.

కలెక్షన్ అనేది నిజానికి పాటల ప్లేలిస్ట్ లాంటిది. ఒకే పాట నాలుగు ప్లేలిస్టుల్లో ఉన్నట్టే ఒకే వ్యాసం నాలుగు కలెక్షన్లలో ఉండవచ్చు, నకళ్లు తయారుకావు. కలెక్షన్‌లో ఉండగా డిలీట్ మీట నొక్కితే ఆ జాబితాలోంచి పేరు మాత్రమే తొలగుతుంది, వ్యాసం మొత్తం లైబ్రరీలో అలాగే ఉంటుంది. పోయిందనుకుని కంగారుపడేవాళ్లలో చాలామంది వ్యాసాలు ఇలా ఏ కలెక్షన్‌లోనూ లేకుండా మిగిలినవే. వాటిని ఒకచోట చూపించడానికే ఎడమ పక్క "అన్‌ఫైల్డ్ ఐటమ్స్" అనే వరుస ఉంది. చాలామంది దాన్ని ఎన్నడూ నొక్కి ఉండరు.

మొత్తం లైబ్రరీ తెరిచి ఉన్నప్పుడు అదే డిలీట్ మీట నొక్కితే కథ వేరు. అప్పుడు వ్యాసం చెత్తబుట్టలోకి పోతుంది. సెట్టింగ్ మార్చకపోతే 30 రోజుల తర్వాత అక్కడి నుంచి కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఒకే మీట, నిలబడ్డ చోటును బట్టి రెండు ఫలితాలు. ఈ ఏర్పాటు అంత మంచిది కాదనే చెప్పాలి.

వ్యాసం ఎదురుగానే ఉంది కానీ ఏ కలెక్షన్‌లో పెట్టామో తెలియడం లేదంటే దాన్ని ఎంచుకుని విండోస్‌లో కంట్రోల్ మీట, మ్యాక్‌లో ఆప్షన్ మీట నొక్కిపట్టాలి. అది ఉన్న కలెక్షన్లన్నీ ఎడమ పక్క రంగు మారతాయి.

సెర్చ్ ఎంత మేర చూస్తోంది

ఖాళీ ఫలితాలకు మామూలు కారణం చాలా చిన్నది. సెర్చ్ పెట్టె ఎప్పుడూ మొత్తం లైబ్రరీని చూడదు, ఆ క్షణంలో ఎడమ పక్క ఏది ఎంచుకుని ఉందో అంతవరకే చూస్తుంది. "మూడో అధ్యాయం" అనే కలెక్షన్ తెరిచి ఉంటే దాని బయట ఉన్న రెండు వేల వ్యాసాలు ఆ సెర్చ్‌కు లేనట్టే లెక్క. కింది స్థాయి కలెక్షన్లలోనివి కూడా, వాటిని చూపించే ఆప్షన్ వ్యూ మెనూలో పెట్టుకుంటే తప్ప జాబితాలోకి రావు. కింద ట్యాగ్‌ల పెట్టెలో ఏదో ట్యాగ్ నొక్కి ఉంటే జాబితా ఇంకా కుదించుకుపోతుంది. వెతికే ముందు ఎడమ పక్క పైన "మై లైబ్రరీ" మీద ఒకసారి నొక్కడం రెండు సెకన్ల పని. ఫిర్యాదుల్లో పెద్ద భాగం అక్కడే తీరిపోతుంది.

సెర్చ్ పెట్టె పక్కనున్న చిన్న గుర్తు నొక్కితే మూడు పద్ధతులు కనిపిస్తాయి. మొదటిది శీర్షిక, రచయిత, సంవత్సరం చూస్తుంది. రెండోది అన్ని గళ్లనూ, ట్యాగ్‌లనూ చూస్తుంది. మూడోది "ఎవ్రీథింగ్", పీడీఎఫ్ లోపలి మాటల దాకా వెళ్తుంది. ఒకసారి ఎంచుకున్న పద్ధతి తర్వాత రోజుల్లోనూ అలాగే నిలిచి ఉంటుంది. ఎప్పుడో ఫలితాలు మరీ ఎక్కువ వచ్చాయని మొదటి పద్ధతికి మార్చినవాళ్లు ఆ సంగతి మరిచిపోతారు. ఆ తర్వాత వ్యాసం మధ్యలోని వాక్యం కోసం ఎన్ని రోజులు వెతికినా ఏమీ రాదు.

ఫలితాలు వచ్చినా పోల్చుకోలేని సందర్భం ఒకటుంది. సరిపోయిన వరుసలు నల్లగా, వాటి పైనున్న అసలు రికార్డులు బూడిద రంగులో కనిపిస్తాయి. బూడిద రంగుకు అర్థం, ఆ మాట రికార్డులో లేదు గానీ దాని కిందున్న పీడీఎఫ్‌లోనో నోట్‌లోనో ఉందని. చూసేవాళ్లు మాత్రం బూడిద రంగు అంటే పనిచేయని వరుస అనుకుని దాటేస్తారు.

నూరో పేజీ దగ్గర ఆగిపోయే సూచిక

"ఎవ్రీథింగ్" పద్ధతిలో వెతికినప్పుడు ప్రోగ్రామ్ అప్పటికప్పుడు పీడీఎఫ్‌లు తెరిచి చదవదు. సేవ్ చేసిన సమయంలోనే వాటిలోని మాటలతో ఒక సూచిక తయారుచేసి పెట్టుకుంటుంది, సెర్చ్ ఆ సూచికలోనే జరుగుతుంది. ఆ సూచికకు హద్దులున్నాయి. మామూలు సెట్టింగ్ ప్రకారం ఒక పీడీఎఫ్‌లో మొదటి 100 పేజీలు, ఒక ఫైల్‌లో 5,00,000 అక్షరాలు.

పత్రికా వ్యాసాలకు ఇది చాలు, ఇరవై ముప్పై పేజీలు దాటవు. పుస్తకాలు, థీసిస్‌లు, కమిషన్ నివేదికల దగ్గరే ఇబ్బంది. 380 పేజీల థీసిస్‌లో 212వ పేజీలో ఉన్న మాట సూచికలోకి ఎక్కదు. విచిత్రం ఏమిటంటే అదే పీడీఎఫ్‌ను తెరిచి లోపల వెతికితే వెంటనే దొరుకుతుంది. అలా దొరికినప్పుడు లైబ్రరీ సెర్చ్ చెడిపోయిందని అనుమానం రావడం సహజం. పీడీఎఫ్ వరుసను ఎంచుకుంటే కుడి పక్క "ఇండెక్స్‌డ్" అనే మాట ఎదుట అవును, కాదు, పాక్షికం అని మూడింటిలో ఒకటి కనబడుతుంది. "పాక్షికం" అని ఉంటే విషయం తేలిపోయినట్టే. సెట్టింగుల్లో పేజీల సంఖ్యను వెయ్యికి పెంచి సూచికను మళ్లీ తయారుచేయిస్తే సరి. డేటాబేస్ కొంత పెరుగుతుంది, ఈ రోజుల కంప్యూటర్లకు అదేమంత భారం కాదు.

"కాదు" అని ఉంటే ఆ పీడీఎఫ్‌లో అసలు అక్షరాలే లేకపోవచ్చు. స్కాన్ చేసిన పుస్తకం కంప్యూటర్ దృష్టిలో ఫోటోల కట్ట. జొటెరోకు సొంతంగా ఫోటోలోంచి అక్షరాలు చదివే శక్తి లేదు, ఆ పని బయట చేయించాలి. టెస్సరాక్ట్ అనే ఉచిత సాధనం, గూగుల్ డ్రైవ్ రెండూ తెలుగు చదవగలవు. పాత అచ్చు, చెదలు తిన్న కాగితం అయితే తప్పులు బాగానే వస్తాయి. సెర్చ్ కోసం మాత్రమే అయితే పదిలో ఏడెనిమిది మాటలు సరిగ్గా వచ్చినా పని జరుగుతుంది.

పేరు ఏ అక్షరంతో మొదలవుతుంది

ఈ సాఫ్ట్‌వేర్‌లన్నీ పాశ్చాత్య పేర్ల అచ్చులో పోసినవి. రచయిత పేరుకు రెండు గళ్లు, ఇంటిపేరు ఒకటి, సొంత పేరు ఒకటి. పేరులో చివరి మాట ఇంటిపేరు అనే ఊహ అడుగున ఉంటుంది. తెలుగు పేరు అందుకు తలకిందులు.

భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి పేరే తీసుకుందాం. ద్రావిడ భాషల మీద పనిచేసే ఎవరి లైబ్రరీలోనైనా ఆయన రచనలు కనీసం నాలుగైదు ఉంటాయి. భద్రిరాజు ఇంటిపేరు. అంతర్జాతీయ ప్రచురణల పద్ధతిలో మాత్రం కృష్ణమూర్తి ఇంటిపేరు గడిలోకి వెళ్లింది, గ్రంథసూచికల్లోనూ అలాగే స్థిరపడింది. కేంబ్రిడ్జ్ ప్రచురించిన 2003 నాటి పుస్తకం మీద పూర్తి పేరు ఉంది. మరికొన్ని రచనల మీద "బిహెచ్." అనే పొడి అక్షరాలే ఉన్నాయి. ఆ వివరాలు యథాతథంగా లైబ్రరీలోకి వస్తే, భద్రిరాజు అని వెతికినప్పుడు పూర్తి పేరున్నవి మాత్రమే వస్తాయి, పొడి అక్షరాలున్నవి రావు. రచయితల వరుసలో పెట్టి చూసేవారు "భ" దగ్గర వెతుకుతారు, రికార్డులన్నీ "కృ" దగ్గర ఉంటాయి. చేత్తో ఎక్కించినవి ఏవైనా ఉంటే అవి మళ్లీ "భ" దగ్గర.

ఇంగ్లిష్ అక్షరాల్లో రాసినప్పుడు గొడవ ఇంకా పెరుగుతుంది. "మూర్తి" అనే ఒక్క మాటకు చివర టి-ఐ, టి-వై, టి-హెచ్-ఐ, టి-హెచ్-వై అని నాలుగు రకాలు వాడుకలో ఉన్నాయి. మధ్యలో "ఊ" కోసం ఒక యు రాసేవారు, రెండు ఓ-లు రాసేవారు వేరే. గిడుగు రామమూర్తి మీద వచ్చిన వ్యాసాలన్నీ ఒక సెర్చ్‌తో బయటికి రావాలంటే "రామ" వరకే కొట్టి ఆగడం మేలు. శీర్షికల్లో, పేర్లలో వెతికేటప్పుడు మాటలో ముక్క ఉన్నా జొటెరో పట్టుకుంటుంది. పూర్తి పేరు జాగ్రత్తగా టైప్ చేసేవారికన్నా సగం పేరుతో ఆగేవారికే ఇక్కడ ఎక్కువ దొరుకుతుంది.

శీర్షికలకూ అదే గతి. "చరిత్ర" అనే మాటను మనం ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే "చ"కు సి, హెచ్ రెండూ వాడతాం. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్, దాని పద్ధతి పాటించే విశ్వవిద్యాలయాలు ఒక్క సి మాత్రమే రాస్తాయి. సురవరం ప్రతాపరెడ్డి "ఆంధ్రుల సాంఘిక చరిత్ర"ను అలాంటి గ్రంథాలయ కేటలాగ్ నుంచి సేవ్ చేసినవారికి, మనకు అలవాటైన స్పెల్లింగ్‌తో వెతికితే ఆ పుస్తకం రాదు. తెలుగు లిపిలో వెతికితే అసలే రాదు. పుస్తకం ఒకటే అయినా సెర్చ్‌కు అవి మూడు వేర్వేరు మాటలు.

సంస్థల పేర్ల సంగతి కాస్త నవ్వు తెప్పిస్తుంది. ఎండ్‌నోట్‌లో రచయిత గడిలో "గవర్నమెంట్ ఆఫ్ ఆంధ్రప్రదేశ్" అని ఇంగ్లిష్‌లో మూడు నాలుగు మాటలుగా రాసి, చివర కామా పెట్టకపోతే ప్రోగ్రామ్ దాన్ని మనిషి పేరు అనుకుంటుంది. ఆంధ్రా, ప్రదేశ్ విడివిడిగా ఉంటే ప్రదేశ్ ఇంటిపేరు అవుతుంది, మిగతావి పొడి అక్షరాలవుతాయి. బిబ్లియోగ్రఫీలో "ప్రదేశ్, జి. ఒ. ఎ." అనే కొత్త రచయిత పుడతాడు. ప్రభుత్వ నివేదికల కోసం "జి" దగ్గర వెతికేవారికి అవి "పి" దగ్గర దాక్కుని ఉంటాయి. జొటెరోలో దీనికి కామా అక్కర్లేదు, పేరు పక్కనున్న చిన్న గుర్తు నొక్కి రెండు గళ్లను ఒకటిగా కలపాలి.

తెలుగు లిపి లోపల ఏముంది

కంటికి ఒకేలా కనబడే రెండు తెలుగు మాటలు కంప్యూటర్‌కు వేరువేరు కావచ్చు. ఈ వ్యాసంలోనే పదేపదే వస్తున్న "సాఫ్ట్‌వేర్" అనే మాట చూడండి. "ట్" తర్వాత "వే" దాని కింద వత్తుగా చేరిపోకుండా విడిగా నిలబడింది. అలా నిలబెట్టడానికి రెంటి మధ్య కంటికి కనిపించని ఒక యూనికోడ్ (అన్ని లిపులకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి సంకేతాల పద్ధతి) అక్షరం ఉంది. దాని పని కలవవద్దని చెప్పడమే. వార్తాసైట్ల నుంచి సేవ్ చేసిన శీర్షికల్లో అది తరచూ ఉంటుంది. ఫోన్ కీబోర్డుతో గబగబా కొట్టేవారు చాలాసార్లు అది లేకుండానే "సాఫ్ట్వేర్" అని కొడతారు. అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు పోల్చే సెర్చ్‌కు ఈ రెండూ సరిపోలవు. "ఫుట్‌నోట్", "మార్క్‌లు", ఇలా పొల్లు హల్లు మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలన్నిటికీ ఈ ప్రమాదం ఎంతో కొంత ఉంది. పొల్లుకు ముందున్న ముక్కతోనో తర్వాతి ముక్కతోనో వెతికితే చిక్కు తప్పుతుంది.

ఐత్వం మీద ఇంకో సూక్ష్మం. "ై" గుర్తును ఒకే సంకేతంగా నిల్వ చేయవచ్చు, ఎత్వం, దాని కింద వచ్చే గుర్తు అని రెండు సంకేతాలుగానూ నిల్వ చేయవచ్చు. యూనికోడ్ ప్రమాణం ఈ రెండూ సమానమే అంటుంది. ప్రతి ప్రోగ్రామూ ఆ సమానత్వాన్ని పాటిస్తుందన్న హామీ లేదు.

వీటికన్నా ఎక్కువ మందికి తగిలేది భాష తీరు. పాత పుస్తకాలు "వ్యాకరణము", "చరిత్రము" అంటాయి, కొత్తవి "వ్యాకరణం", "చరిత్ర" అంటాయి. సున్నాతో వెతికితే "ము" ఉన్నవి రావు. "గుఱ్ఱము"లోని బండి ఱ, "వాఁడు"లోని అరసున్న కూడా అంతే. విభక్తులు మాట రూపాన్నే మార్చేస్తాయి. ఇంగ్లిష్‌లో చివర ఒక ఎస్ చేరితే మొదటి ముక్క అలాగే ఉంటుంది. తెలుగులో "ఊరు" కాస్తా "ఊళ్లో" అవుతుంది, "రాయి" కాస్తా "రాళ్లు" అవుతుంది. మొదటిదాంతో వెతికితే రెండోది దొరకదు. కొన్ని సమాసాల్లో తలకట్టు దీర్ఘమైపోతుంది.

పీడీఎఫ్ లోపలి అక్షరాల సంగతి ఇంకా దారుణం. యూనికోడ్ వాడకం స్థిరపడకముందు డీటీపీ అంతా "అను" లాంటి ఫాంట్లతో సాగింది, ప్రచురణ రంగంలో అది పూర్తిగా పోలేదు. ఆ ఫాంట్లలో తెరమీద కనిపించేది తెలుగు, లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల గుంపు. అలాంటి పీడీఎఫ్‌లోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే సంగతి అర్థమవుతుంది. సూచికలోకి వెళ్లేది ఆ గుర్తుల గుంపే. కుడి పక్క "ఇండెక్స్‌డ్: అవును" అనే ఉంటుంది, అబద్ధమూ కాదు. ఎవరూ టైప్ చేయలేని మాటలను ఆ సూచిక చక్కగా దాచుకుంది, అంతే.

"10_చాప్టర్ 3" అనే ఫైల్

దొరకకపోవడానికి బీజం సేవ్ చేసే క్షణంలోనే పడుతుంది. బ్రౌజర్‌లోని బటన్ నొక్కినప్పుడు, ఆ వెబ్‌సైట్‌ను జొటెరో గుర్తుపడితే శీర్షిక, రచయిత, సంవత్సరం, సంపుటి, పేజీలు అన్నీ పద్ధతిగా వస్తాయి. గుర్తుపట్టకపోతే "వెబ్ పేజీ" అనే రకంగా, ఉన్న కొద్ది వివరాలతో సేవ్ అవుతుంది. రచయిత గడి ఖాళీగా ఉన్న రికార్డును రచయిత పేరుతో ఎంత వెతికినా ప్రయోజనం లేదు.

పీడీఎఫ్‌ను నేరుగా లాగి పడేసినప్పుడు ప్రోగ్రామ్ మొదటి పేజీల్లోని అక్షరాలు, డీఓఐ (ఒక్కో వ్యాసానికి ఉండే శాశ్వత గుర్తింపు సంఖ్య) లాంటి సంఖ్యలు చూసి అది ఏ రచనో పోల్చుకునే ప్రయత్నం చేస్తుంది. ఇంగ్లిష్ జర్నల్ వ్యాసాల్లో ఇది చాలావరకు పారుతుంది. తెలుగు స్కాన్ పుస్తకాల్లో పోల్చుకోవడానికి ఏమీ ఉండదు, ఫైల్ పేరే శీర్షికగా మిగులుతుంది.

భారతీయ విశ్వవిద్యాలయాల థీసిస్‌లు దాచే శోధ్‌గంగలో ఒక్కో థీసిస్ అధ్యాయాలవారీగా విడివిడి పీడీఎఫ్‌లుగా ఉంటుంది. వాటి పేర్లు "01_టైటిల్", "10_చాప్టర్ 3" వరసలో ఉంటాయి. పది థీసిస్‌ల నుంచి మూడో అధ్యాయాలు దించుకున్నవారి దగ్గర దాదాపు ఒకే పేరున్న పది ఫైళ్లు పోగవుతాయి. ఎవరి థీసిస్, ఏ యూనివర్సిటీ, ఏ సంవత్సరం అనే ఆచూకీ ఆ అధ్యాయం పీడీఎఫ్‌లో చాలాసార్లు ఉండదు. అది "01_టైటిల్"లో ఉంది, దాన్ని ఎవరూ దించుకోరు.

పాత తెలుగు పుస్తకాలకు పెద్ద నిధి అయిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాన్లదీ ఇదే వాలకం. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న ఆ పుస్తకాల గుర్తింపు "2015" తర్వాత ఐదారు అంకెలతో ఉంటుంది. శీర్షికలను ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చినవారు ఒక పద్ధతి పాటించినట్టు కనబడదు, దీర్ఘాలకు ఒకచోట రెండు ఎ-లు, ఒకచోట ఒకటే. ఆ శీర్షికను అలాగే ఉంచేసి, పక్కనున్న "షార్ట్ టైటిల్" గడిలోనో "ఎక్స్‌ట్రా" గడిలోనో తెలుగులో పుస్తకం పేరు, మనకు తోచిన స్పెల్లింగ్ రెండూ రాసుకుంటే అన్ని గళ్లూ చూసే రెండో పద్ధతి సెర్చ్ వాటిని పట్టుకుంటుంది. పుస్తకానికి అర నిమిషం పని.

బటన్ నొక్కినప్పుడు వ్యాసం ఏ కలెక్షన్‌లోకి వెళ్తుందన్నది మరో మెలిక. ఆ సమయంలో ప్రోగ్రామ్‌లో ఏ కలెక్షన్ తెరిచి ఉందో అందులోకి వెళ్తుంది. మధ్యాహ్నం "భూసంస్కరణలు" తెరిచి వదిలేసినవారు, సాయంత్రం నాటకాల మీద చదువుతూ సేవ్ చేసినవన్నీ భూసంస్కరణల్లో చేరతాయి. సేవ్ అవుతున్నప్పుడు మూలన వచ్చే చిన్న పెట్టెలో ఆ కలెక్షన్ పేరు కనిపిస్తుంది, అక్కడే మార్చుకోవచ్చు కూడా. నాలుగైదు సెకన్లలో మాయమయ్యే పెట్టె అది.

ఇంట్లో ఒకటి, డిపార్ట్‌మెంట్‌లో ఒకటి

రెండు కంప్యూటర్ల మీద పనిచేసేవారికి రికార్డు కనబడి పీడీఎఫ్ తెరుచుకోకపోవడం మామూలు. వివరాల సింక్, ఫైళ్ల సింక్ వేరువేరు. వివరాలకు పరిమితి లేదు. జొటెరో సర్వర్‌లో ఫైళ్లకు ఉచితంగా ఇచ్చే చోటు 300 ఎంబీ. స్కాన్ చేసిన తెలుగు పుస్తకం ఒక్కోటి 30, 40 ఎంబీ తూగుతుంది, పది పుస్తకాలతో కోటా అయిపోతుంది. ఆ తర్వాత రికార్డులు మాత్రం రెండోచోటికి వస్తూనే ఉంటాయి, ఫైళ్లు రావు. మెండలీ ఉచితంగా 2 జీబీ ఇస్తుంది. ఈ విషయంలో దానిదే పైచేయి.

ప్రోగ్రామ్ తెరవకుండా బ్రౌజర్‌లో సేవ్ చేస్తే వ్యాసం నేరుగా ఆన్‌లైన్ ఖాతాలోకి వెళ్తుంది. సింక్ జరిగే దాకా కంప్యూటర్‌లోని జాబితాలో ఉండదు.

నలుగురు కలిసి వాడే గ్రూప్ లైబ్రరీ "మై లైబ్రరీ"లో భాగం కాదు, దాని పక్కన ఉండే విడి లైబ్రరీ. ఇందులోంచి అందులోకి లాగితే నకలు తయారవుతుంది. ఇక్కడ హైలైట్ చేసినవి అక్కడ ఉండవు, అక్కడ సరిచేసిన పేరు ఇక్కడ మారదు. పసుపు హైలైట్ కళ్లకు కట్టినట్టు గుర్తుండి, తెరిచి చూస్తే పేజీ తెల్లగా ఉందంటే చాలాసార్లు చూస్తున్నది రెండో నకలును.

సాఫ్ట్‌వేర్ మారినప్పుడు

2008లో లండన్ నుంచి వచ్చిన మెండలీని 2013లో ఎల్సెవియర్ అనే ప్రచురణ సంస్థ కొన్నది. 2022 సెప్టెంబర్ నుంచి పాత డెస్క్‌టాప్ ప్రోగ్రామ్‌ను కొత్తగా దించుకునే వీలు తీసేసింది. దానికి అలవాటుపడ్డవారిలో కొందరు మెండలీ కొత్త ప్రోగ్రామ్‌కు, కొందరు జొటెరోకు మారారు. ఇలా మారేటప్పుడు చాలామంది వాడేది ఆర్‌ఐఎస్ అనే ఫైల్. అందులో శీర్షిక, రచయిత లాంటివి వస్తాయి, ఫోల్డర్ల అమరిక రాదు. ఎప్పుడు సేవ్ చేశారన్న తేదీ కూడా మారిపోయి, ఐదేళ్ల సేకరణ అంతా ఒకే రోజు చేసినట్టు కనబడుతుంది. "ఎప్పుడు చదివాను" అనే జ్ఞాపకంతో వెతికే దారి అక్కడితో మూసుకుపోతుంది.

ఇది చిన్న నష్టం కాదు. శీర్షిక మరిచిపోయినా, సెమినార్‌కు ముందు వారం చదివామన్నది గుర్తుంటుంది. "డేట్ యాడెడ్" కాలమ్‌ను తెరమీదికి తెచ్చి దాని ప్రకారం వరుస పెట్టి, ఆ వారం దాకా కిందికి జరిగితే సెర్చ్‌కు దొరకనిది కంటికి దొరుకుతుంది. పేర్లు, స్పెల్లింగులు, ఫాంట్లు అన్నీ మోసం చేసినప్పుడు మిగిలే నమ్మకమైన దారి ఇదే.

ఎండ్‌నోట్‌లో ఇంకో రకం. లైబ్రరీ ఒక ఫైల్‌గా, దాని పక్కన అదే పేరుతో ఒక డేటా ఫోల్డర్‌గా ఉంటుంది. పెన్‌డ్రైవ్‌లోకి ఫైల్ ఒక్కటే కాపీ చేసుకుంటే పీడీఎఫ్‌లు రావు. ఒక్కో రికార్డుకు ఆ లైబ్రరీలో ఒక సంఖ్య ఉంటుంది, వర్డ్‌లో పెట్టిన సైటేషన్ (మూలాన్ని చూపే సూచన) ఆ సంఖ్యను పట్టుకుని ఉంటుంది. రికార్డులను కొత్త లైబ్రరీలోకి కాపీ చేస్తే సంఖ్యలు మారతాయి, పాత డాక్యుమెంట్‌కు అవి అపరిచితమైపోతాయి.

వర్డ్‌లో ఉంది, లైబ్రరీలో లేదు

కొన్నిసార్లు ఫుట్‌నోట్‌లో రిఫరెన్స్ చక్కగా కనబడుతూనే ఉంటుంది, లైబ్రరీలో మాత్రం దాని జాడ ఉండదు. జొటెరో సైటేషన్ పెట్టినప్పుడు రికార్డు చిరునామాతో పాటు దాని వివరాల నకలు కూడా డాక్యుమెంట్‌లో దాచిపెడుతుంది. లైబ్రరీలో రికార్డును తీసేసినా, లేదా ఆ సైటేషన్ పెట్టింది సహరచయిత తన లైబ్రరీలోంచి అయినా, నకలు ఆధారంగా ఫుట్‌నోట్ నిలబడుతుంది. సరిదిద్దడం మాత్రం కుదరదు. ఆ సైటేషన్‌ను ఎడిట్‌కు తెరిచి లోపలి బుడగ మీద నొక్కినప్పుడు లైబ్రరీలో తెరిచే బటన్ కనిపిస్తే లంకె బతికే ఉంది, నేరుగా ఆ రికార్డు దగ్గరికి వెళ్లవచ్చు. అది కనిపించకపోతే తెగిపోయింది.

లంకెలు ఇలా తెగడానికి పెద్ద కారణం నకళ్లను శుభ్రం చేసే పద్ధతి. ఒకే వ్యాసం రెండుసార్లు కనబడితే ఒకదాన్ని డిలీట్ చేయాలనిపిస్తుంది. డిలీట్ అయింది సైటేషన్ పట్టుకుని ఉన్నది అయితే, మిగిలిన రెండోదానికి డాక్యుమెంట్‌తో ఏ సంబంధమూ లేదు. "డూప్లికేట్ ఐటమ్స్" వరుసలోకి వెళ్లి రెంటినీ మెర్జ్ చేస్తే పాత చిరునామాలు కూడా మిగిలిన రికార్డుకే చేరతాయి. శీర్షిక, డీఓఐ, ఐఎస్‌బీఎన్ లాంటివి పోల్చి ఆ వరుస నకళ్లను పట్టుకుంటుంది. తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లిష్ అక్షరాల్లో ఒకటిగా ఉన్న ఒకే పుస్తకాన్ని అది పట్టుకోలేదు. ఆ రెండు రికార్డులనూ చేత్తో ఎంచుకుని, రెండూ ఒకే రకం రికార్డులని చూసుకుని, మౌస్ కుడి మీట నొక్కి కలపాల్సి ఉంటుంది.